తెలిసి కూడా ఎందుకు ఖర్చు పెడతాం? ప్రవర్తనా ఆర్థికశాస్త్రం, నిత్య జీవితపు అలవాట్ల మీద చర్చ

#1 | పద్దుపుస్తకం

సభ్యులందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా నేను పెట్టిన ప్రతి ఖర్చునూ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వస్తున్నాను. నెలాఖరున కూడిక వేసి పుస్తకం మూసేయడమే తప్ప పాత పేజీలను తిరిగి చదివింది లేదు. మొన్న ఒక సెలవు రోజున మొదటి పేజీ నుంచి వరుసగా చదువుతూ మూడు చోట్ల ఆగిపోయాను.

మొదటిది, నెలనెలా దానంతట అదే కట్ అయ్యే ఒక వీడియో యాప్ చందా. దాన్ని నేను తెరిచి ఐదు నెలలైంది. రెండవది వ్యాయామశాల రుసుము. చేరిన నెలలో పదకొండు సార్లు వెళ్లాను, ఆ తరువాత ఏ నెలలోనూ రెండు సార్లకు మించి వెళ్లలేదు. మూడవది ఒక చలికోటు. సగం ధరకు వస్తోందని కొన్నాను. ధర చీటీ కూడా తీయకుండా ఇప్పటికీ అలమరలో వేలాడుతోంది. ఆ చీటీ మీద పాత ధరను ఎర్ర గీతతో కొట్టేసి, దాని కింద కొత్త ధర రాసి ఉంది. కోటును చూసి కాక ఆ ఎర్ర గీతను చూసి కొన్నానని ఇప్పుడు అర్థమవుతోంది.

నన్ను బాధిస్తున్నది డబ్బు పోవడం ఒక్కటే కాదు. మనుషులు డబ్బు నిర్ణయాలు నిజంగా ఎలా తీసుకుంటారో పరిశీలించే ప్రవర్తనా ఆర్థికశాస్త్రాన్ని నేను ఇష్టంగా చదువుకున్నాను. నష్టభీతి (లాభం కంటే నష్టం ఎక్కువగా బాధించడం), లంగరు ప్రభావం (మొదట చూసిన అంకెకే ఆలోచన అతుక్కోవడం), మునిగిన ఖర్చు (ఇక తిరిగి రాని డబ్బు) వంటి మాటలు నాకు కొత్తవి కావు. అవన్నీ తెలిసి తెలిసి అదే గోతిలో పడ్డాను. కాబట్టి ఇక్కడి పెద్దలను రెండు విషయాలు అడగదలిచాను. మన నిత్య ఖర్చులను ఈ శాస్త్రం నిజంగా ఎంతవరకు వివరించగలదు? వివరించగలిగినా, ఆ వివరణ తెలిసినంత మాత్రాన మనిషి నడవడి మారుతుందా?

#2 | గణకుడు

పద్దుపుస్తకం గారూ, ఆ ఎర్ర గీత దగ్గరే మొదలుపెడదాం. మనస్తత్వవేత్తలు ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో ప్రచురించిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. అంకెలున్న చక్రాన్ని తిప్పి, అది ఆగిన అంకెను చూపించి, ఐక్యరాజ్య సమితి సభ్య దేశాలలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో చెప్పమన్నారు. చక్రం మీద 10 చూసినవారి మధ్యస్థ అంచనా 25 కాగా, 65 చూసినవారిది 45. చక్రానికీ ఆ ప్రశ్నకూ ఏ సంబంధమూ లేకపోయినా, మొదట కంటబడిన అంకె దగ్గరే ఆలోచన లంగరు వేసుకుంది. మీ కోటు మీద కొట్టేసిన పాత ధర చేసిన పనీ అదే. అది లేకపోతే ‘ఈ కోటు నాకు అవసరమా’ అని అడుక్కునేవారు. అది ఉండటం వల్ల ‘ఎంత మిగులుతోంది’ అని అడుక్కున్నారు.

ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1985లో దీనికి ఒక చక్కని విభజన చెప్పారు. వస్తువు చేతికి రావడం వల్ల కలిగే తృప్తి వేరు, మంచి బేరం దొరికిందన్న తృప్తి వేరు. రెండవది కొన్న క్షణంలోనే అనుభవమైపోతుంది, ఇంటికి వచ్చేసరికి మిగలదు. అలమరలో చీటీ తీయని బట్టలన్నీ బేరం తృప్తి కోసం కొన్నవే అని నా అభిప్రాయం.

ఇక మనసులోని పద్దుల సంగతి. కానెమన్, ట్వెర్‌స్కీ 1981లో ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసంలో ఒక ప్రశ్న ఇలా ఉంటుంది: మీరు 15 డాలర్ల కాలిక్యులేటర్, 125 డాలర్ల జాకెట్ కొనబోతున్నారు; ఇరవై నిమిషాల ప్రయాణం దూరంలోని మరో దుకాణంలో కాలిక్యులేటర్ 10 డాలర్లకే దొరుకుతుందని తెలిస్తే వెళతారా? 68 శాతం మంది వెళతామన్నారు. రెండవ బృందానికి ధరలను తారుమారు చేసి, 125 డాలర్ల కాలిక్యులేటర్ అక్కడ 120కి దొరుకుతుందని చెప్పినప్పుడు వెళతామన్నవారు 29 శాతమే. రెండు సందర్భాల్లోనూ మిగిలేది 5 డాలర్లు, పోయేది ఇరవై నిమిషాలు. డబ్బును మనం మొత్తంగా లెక్కించము, ఒక్కొక్క వస్తువు పేరున చిన్న పద్దు తెరిచి ఆ పద్దులోనే లాభనష్టాలు చూసుకుంటాము. చిన్న కొనుగోలు దగ్గర గీచి గీచి బేరమాడే మనిషే ఇల్లో వాహనమో కొనేటప్పుడు దానికి వందరెట్ల మొత్తాన్ని ‘ఇంతలో ఇదెంత’ అని వదిలేయడానికి కారణం ఇదే.

అదే వ్యాసంలో నాటకం టికెట్టు ప్రశ్న కూడా ఉంది. 10 డాలర్లు పెట్టి టికెట్టు కొనడానికి వచ్చి, జేబులోంచి 10 డాలర్ల నోటు పోయిందని గమనిస్తే, అయినా టికెట్టు కొంటామన్నవారు 88 శాతం. ముందే కొన్న టికెట్టు పోయిందంటే మాత్రం మరొకటి కొంటామన్నవారు 46 శాతం. పోయిన నోటు ఏ పద్దులోనూ పడదు. పోయిన టికెట్టు నాటకం పద్దులో పడి, ఆ నాటకం ధరను రెండింతలు చేసినట్టు తోస్తుంది.

#3 | నిదానం

వ్యాయామశాల విషయంలో మీరు ఒంటరివారు కారు. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ 2006లో ప్రచురించిన పరిశోధనలో అమెరికాలోని మూడు వ్యాయామశాలల సభ్యుల హాజరును పరిశీలించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టే సభ్యులు సగటున నెలకు 4.3 సార్లు వచ్చారు. అంటే ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పడింది. నెలవారీ ఒప్పందం లేకుండా పది రాకల పాసు తీసుకుంటే ఒక్కోసారికి 10 డాలర్లే అయ్యేది. ఇంకో సంగతి మీ చందా పద్దుకు కూడా వర్తిస్తుంది: చివరిసారి వచ్చిన రోజుకూ ఒప్పందం రద్దు చేసుకున్న రోజుకూ మధ్య సగటున 2.3 నెలలు గడిచాయి.

వారిని లెక్క రానివారని అనుకోవడం తప్పు. దూరపు కొండలు నునుపు అన్నట్టు, వచ్చే నెలలో వ్యాయామానికి వెళ్లడం ఈ రోజు నుంచి చూస్తే సులువుగానే కనిపిస్తుంది. 1997లో ఆర్థికవేత్త డేవిడ్ లైబ్సన్ దీన్ని గణిత రూపంలో పెట్టారు. ఏడాది తరువాత వచ్చే సోమవారానికీ మంగళవారానికీ మధ్య మనకు పెద్ద తేడా కనబడదు, కానీ నేటికీ రేపటికీ మధ్య తేడా చాలా పెద్దది. ఈ రోజు పడే శ్రమ ఎప్పుడూ అసలు బరువు కంటే ఎక్కువగా తూగుతుంది. ఫీజు కట్టేది దూరం నుంచి చూసే మనిషి, ఉదయాన్నే లేవవలసింది దగ్గర నుంచి చూసే మనిషి. రెండూ ఒకరే అయినా ఇద్దరి తూకాలు వేరు.

#4 | పద్దుపుస్తకం

నిదానం గారూ, మీరు రాసినది చదివి నా పుస్తకంలో లెక్క వేశాను. గడచిన ఏడు నెలల రుసుమును నేను వెళ్లిన రోజులతో భాగిస్తే, రోజువారీ టికెట్టు ధరకు ఒకటికి నాలుగు రెట్లు వచ్చింది. ఇంత స్పష్టంగా కనబడుతున్నా, రద్దు చేయడానికి చెయ్యి రావడం లేదు. వీడియో చందాను రద్దు చేసే పేజీ దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. అక్కడ నన్ను ఆపుతున్నది ఏమిటి?

#5 | వెలుగునీడ

రెండు వేర్వేరు శక్తులు మిమ్మల్ని ఒకే దిక్కుకు లాగుతున్నాయి.

ఒకటి మునిగిన ఖర్చు. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ఒక విశ్వవిద్యాలయ నాటకశాలలో చేసిన ప్రయోగం ఉంది. ఏడాది పాసు కొనడానికి వచ్చినవారిలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు, యాదృచ్ఛికంగా పాసులు ఇచ్చారు. అందరికీ నాటకం మీద ఆసక్తి ఒక్కటే, కానీ పూర్తి ధర కట్టినవారు ఆ ఏడాది మొదటి సగంలో ఎక్కువ నాటకాలు చూశారు. రెండవ సగానికి ఆ తేడా చెరిగిపోయింది. మీరు చేరిన నెలలో పదకొండు సార్లు వెళ్లడం, ఆ తరువాత జారిపోవడం ఈ తీరులోనే ఉన్నాయి. కట్టిన డబ్బు గుర్తున్నంత కాలం అది మనిషిని నడిపిస్తుంది. నడిపించడం మానేశాక కూడా వదులుకోనివ్వదు, ఎందుకంటే రద్దు చేయడమంటే ఇన్ని నెలల డబ్బూ వృథా అని ఒప్పుకుని ఆ పద్దును నష్టంతో మూసేయడమే.

రెండవది డిఫాల్ట్, అంటే మనం ఏమీ చేయకపోతే జరిగేది. దీని బలం ఎంతో బ్రిజిట్ మాడ్రియన్, డెనిస్ షే 2001లో చూపించారు. ఒక అమెరికా సంస్థలో ఉద్యోగులు పదవీ విరమణ పొదుపు పథకంలో చేరాలంటే కాగితం నింపవలసి ఉన్నప్పుడు చేరినవారు 49 శాతం. వద్దంటేనే కాగితం నింపాలి, లేకుంటే చేరినట్టే అని నియమం మార్చాక, కొత్త ఉద్యోగులలో అది 86 శాతమైంది. ఈ అంకెను అందరూ సంబరంగా చెబుతారు, దాని నీడను మాత్రం చెప్పరు. అలా చేరినవారిలో చాలామంది సంస్థ నిర్ణయించిన 3 శాతం దగ్గరే, సంస్థ ఎంచిన ఫండ్‌లోనే ఉండిపోయారు. తామే చేరి ఉంటే అంతకంటే ఎక్కువ పొదుపు చేసి ఉండగలిగినవారు కూడా వారిలో ఉన్నారు. డిఫాల్ట్ మనకు మేలు చేయాలని ఎక్కడా రాసి లేదు, అది ఎవరు అమర్చితే వారి పని చేస్తుంది. మీ చందా నెలనెలా తానే కొనసాగేలా అమర్చింది మీరు కాదు. చేరడానికి ఒక్క నొక్కు, బయటపడటానికి ఐదారు పేజీలు ఉండటం యాదృచ్ఛికమని నేను నమ్మను, దాన్ని న్యాయమని కూడా అనుకోను.

#6 | సందేహి

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే నా మనసు ఊరుకోదు. ఈ రంగంలో ప్రచారంలో ఉన్నవన్నీ ఒకే గట్టిదనం ఉన్నవి కావు. కొన్ని రాతి మీద నిలబడ్డాయి, కొన్ని ఇసుక మీద.

ఎక్కువ రకాలు పెడితే జనం కొనరని చెప్పే జామ్ సీసాల ప్రయోగం 2000లో వచ్చింది. 24 రకాలు పెట్టినప్పుడు ఆగి చూసినవారిలో 3 శాతం, 6 రకాలు పెట్టినప్పుడు 30 శాతం కొన్నారన్నది దాని సారం. పదేళ్ల తరువాత అటువంటి పరిశోధనలన్నిటినీ కలిపి చూసినప్పుడు సగటు ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. మనోబలం కండరంలా అలసిపోతుందన్న సిద్ధాంతాన్ని 2016లో ఇరవైకి పైగా ప్రయోగశాలలు కలిసి పరీక్షిస్తే చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. ఫారం పై భాగంలోనే సంతకం చేయిస్తే జనం నిజాయితీగా నింపుతారని 2012లో వచ్చిన వ్యాసాన్ని, అందులోని సమాచారం కల్పితమన్న ఆధారాలు బయటపడ్డాక, 2021లో వెనక్కి తీసుకున్నారు. నిజాయితీ గురించిన పరిశోధనలోనే అలా జరగడం ఈ రంగాన్ని ప్రేమించేవారికి నిజంగా బాధ కలిగించింది.

మనిషిని సున్నితంగా తట్టి దారి మళ్లించే ‘నడ్జ్’ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. డెల్లావిన్యా, ఎలిజబెత్ లీనోస్ 2022లో ప్రచురించిన పోలికలో, పత్రికలలో అచ్చయిన ప్రయోగాల సగటు ప్రభావం 8.7 శాతం పాయింట్లు కాగా, అమెరికాలో ప్రభుత్వాలతో పని చేసే నడ్జ్ విభాగాలు పెద్ద ఎత్తున నిర్వహించిన ప్రయోగాలలో అది 1.4 మాత్రమే. బాగా పనిచేసినవే అచ్చుకు నోచుకోవడం ఆ అంతరానికి ఒక ముఖ్య కారణం.

అయితే అంతా కొట్టిపారేయవలసినది కాదు. లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం ఇచ్చే బాధ ఎక్కువని చెప్పే 1979 నాటి ప్రాస్పెక్ట్ సిద్ధాంతాన్ని 2020లో 19 దేశాలలో 4,098 మందితో మళ్లీ పరీక్షించారు. ప్రభావాలు కొన్ని చోట్ల కొంచెం బలహీనంగా వచ్చినా మొత్తం మీద సిద్ధాంతం నిలిచింది.

#7 | గణకుడు

సందేహి గారి మాట అక్షరాలా ఒప్పుకుంటున్నాను. దానికి ఒక్కటే చేర్చదలిచాను. నిలబడిన ఫలితాలను గమనిస్తే వాటిలో ఒక పోలిక ఉంది. డిఫాల్ట్ గానీ, ఆటోమేటిక్ పొదుపు గానీ, మనిషి ఆ క్షణంలో ఏదో గుర్తు తెచ్చుకుని తనను తాను నిగ్రహించుకోవాలని అడగవు. గోడ మీద ఒక వాక్యం రాయడం, ఫారంలో ఒక పదం మార్చడం వంటివి చూపు మీద, జ్ఞాపకం మీద ఆధారపడతాయి. అవే ఎక్కువగా చప్పబడిపోయాయి. పద్దుపుస్తకం గారి రెండవ ప్రశ్నకు ఇందులోనే సమాధానం ఉందనుకుంటాను. తెలుసుకోవడం వల్ల ఆ క్షణం మారదు. కానీ ఆ క్షణం రాకముందు, తీరికగా ఉన్నప్పుడు, దాని చుట్టూ ఉన్న అమరికను మార్చడానికి ఆ తెలివి పనికివస్తుంది.

#8 | అలవాటుబాట

ఇంతవరకు చర్చ అంతా నిర్ణయాల మీదే నడిచింది. మన ఖర్చులలో పెద్ద భాగం నిర్ణయాలు కానే కావు, అలవాట్లు. మనస్తత్వవేత్త వెండీ వుడ్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధనలో, పాల్గొన్నవారిని రోజంతా గంటగంటకూ తాము చేస్తున్న పనినీ, మనసులో ఉన్న ఆలోచననూ రాయమన్నారు. దాదాపు 43 శాతం పనులు రోజూ ఒకే చోట, ఒకే వేళకు, మనసు మరెక్కడో ఉండగా జరుగుతున్నాయని తేలింది.

వుడ్ సహ రచయితగా 2011లో వచ్చిన పాప్‌కార్న్ ప్రయోగం ఇంకా కళ్లు తెరిపిస్తుంది. సినిమాకు వెళ్లినవారికి కొందరికి తాజా పాప్‌కార్న్, కొందరికి వారం రోజుల నాటిది ఇచ్చారు. సినిమా హాలులో తినే అలవాటు గట్టిగా ఉన్నవారు, బాగాలేదని చెబుతూనే, పాతదాన్ని కూడా తాజాదానితో సమానంగా తిన్నారు. అలాంటి అలవాటే ఉన్నవారు సమావేశపు గదిలో పాతదాన్ని అంతగా తినలేదు. హాలులోనే కూర్చున్నా, అలవాటు లేని చేత్తో తినమంటే అప్పుడూ తగ్గించారు. రుచి చెప్పలేని మాటను చెయ్యి మార్చడం చెప్పింది.

నా సంగతి ఒకటి చెబుతాను. రాత్రి పడుకునే ముందు ఫోనులో ఏదో ఒకటి కొనడం నాకు అలవాటుగా ఉండేది. ఒక రాత్రి శ్రద్ధగా గమనించాను. దీపం ఆర్పాను, ఫోను చేతిలోకి వచ్చింది, బొటనవేలు తెర కింది కుడి మూలకు వెళ్లింది, కొనుగోలు యాప్ తెరుచుకుంది. అప్పటికి నాకు ఏ వస్తువూ కావాలని అనిపించలేదు. కోరిక ఆ తరువాత, తెర మీద బొమ్మలు కదులుతుండగా పుట్టింది. అంటే నేను ఇన్నాళ్లూ కోరికతో పోరాడుతున్నాననుకున్నాను, అసలు మొదలు బొటనవేలి దగ్గర ఉంది. ఆ మూలలోని యాప్‌ను తీసి అక్కడ నిఘంటువు యాప్ పెట్టాను, భద్రపరిచిన కార్డు నంబరును తొలగించాను, ఫోను ఛార్జరును పక్క గదికి మార్చాను. మొదటి వారం రోజులు వేలు అలవాటుగా అక్కడికే వెళ్లి నిఘంటువు తెరిచింది. ఇప్పుడు వెళ్లడం లేదు.

అలవాటు మారడానికి 21 రోజులు చాలన్న మాటను నమ్మవద్దని మనవి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి, కొత్త పని తనంతట తాను జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందని, మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని చెప్పింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా అందులోనే ఉంది. 22వ రోజున ఓడిపోయామని వదిలేసేవారికి ఈ మాట చేరాలని నా కోరిక.

#9 | చేతిచిల్లర

కార్డు నంబరు తొలగించడం గురించి అలవాటుబాట గారు ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్లారు, నేను అక్కడ కొంచెం ఆగుతాను. డబ్బు చెల్లించేటప్పుడు కలిగే చిన్న నొప్పిని డ్రేజెన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టీన్ 1998లో సిద్ధాంతంగా వివరించారు. 2001లో ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ నిజమైన బాస్కెట్‌బాల్ టికెట్లకు వేలంపాట పెట్టి, కొందరిని నగదుతో, కొందరిని క్రెడిట్ కార్డుతో చెల్లించమన్నారు. కార్డు బృందం సగటున రెట్టింపుకు పైగా పాడింది.

నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు వేలికి ఒక్కొక్కటీ తగులుతుంది, సంచి పలచబడటం తెలుస్తుంది. ఫోను చూపించి చెల్లించినప్పుడు వినిపించేది పని పూర్తయిందని చెప్పే శబ్దమే. అందుకని అందరూ నగదుకే తిరిగి రావాలని నేను అనను, అది సాధ్యమూ కాదు. ప్రతి చెల్లింపు వెంటనే మిగిలిన నిల్వ ఎంతో తెర మీద కనబడేలా పెట్టుకున్నాను. పోయినది కాక మిగిలినది కనబడటం నాకు ఎక్కువగా పనిచేసింది. ఇది నా ఒక్కరి అనుభవం మాత్రమే.

#10 | ఒంటిజీతం

ఇంతసేపూ మౌనంగా చదివాను. ఒక మాట బరువుగా ఉన్నా చెప్పాలి. ఇక్కడ వస్తున్న ఉదాహరణలన్నీ డబ్బు మిగిలినవారివి. ఇంటిల్లిపాదికీ ఒక్కటే జీతం, అది నెల మూడవ వారానికే అయిపోయే ఇంట్లో ‘మీ ఆలోచనలో మొగ్గు ఉంది’ అని, అంటే మీ ఆలోచన తప్పు వైపు ఒరుగుతోందని, ఎవరైనా చెబితే అది గోరుచుట్టు మీద రోకటిపోటు లాంటిది. నేను అలాంటి ఇంట్లోనే పెరిగాను. చిల్లరగా కొంటే ధర ఎక్కువని మా అమ్మకు తెలియక కాదు, పెద్ద పొట్లానికి సరిపడా డబ్బు ఒకేసారి చేతిలో ఉండేది కాదు.

సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డర్ షఫీర్ తదితరులు 2013లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన నాకు ఈ శాస్త్రం మీద గౌరవం కలిగించింది. తమిళనాడు చెరకు రైతులకు పంట చేతికి రాకముందు, వచ్చాక, ఒకే రకం తార్కిక పరీక్షలు పెట్టారు. డబ్బుకు కటకటగా ఉన్న రోజులలో అదే రైతు తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు, పంట డబ్బు వచ్చాక మెరుగుపడ్డాడు. మనిషి మారలేదు, చేతిలోని డబ్బు మారింది. ఏ అప్పు ముందు తీర్చాలి, ఎవరిని ఇంకో వారం గడువు అడగాలి అన్న లెక్క తలలో నిరంతరం తిరుగుతుంటే, మిగతా విషయాలకు మిగిలే చోటు తక్కువ. తప్పుడు నిర్ణయాల వల్ల లేమి వచ్చిందని లోకం అంటుంది. లేమి వల్ల కూడా తప్పుడు నిర్ణయాలు వస్తాయని చెప్పిన శాస్త్రం ఇదే. కాబట్టి అలవాట్లు మార్చుకోమనే ప్రతి సలహాకు ముందు, ఆ మనిషికి ఊపిరి తీసుకునేంత వెసులుబాటు ఉందో లేదో చూడమని అడుగుతున్నాను.

#11 | సందేహి

ఒంటిజీతం గారికి నమస్కారం. ఆ కోవలోని తరువాతి పరిశోధనల ఫలితాలు అన్నీ ఒకే తీరుగా రాలేదు కనుక నేను దాని పరిమాణం గురించి జాగ్రత్తగానే మాట్లాడతాను. కానీ మీ అమ్మగారి చిల్లర కొనుగోలును మొగ్గు అనడం తప్పేనని, అది చేతిలో ఉన్న డబ్బుకు సరైన లెక్కేనని ఏ సందేహమూ లేకుండా ఒప్పుకుంటున్నాను.

#12 | వెలుగునీడ

ఒంటిజీతం గారి మాట మనసులో పెట్టుకునే, తక్కువ ఆదాయం ఉన్నచోట జరిగిన ఒక ప్రయోగం చెబుతాను. నావా అష్రఫ్, డీన్ కార్లన్, వెస్లీ యిన్ ఫిలిప్పీన్స్‌లో ఒక గ్రామీణ బ్యాంకు ఖాతాదారులకు ప్రత్యేకమైన పొదుపు ఖాతా ఇవ్వజూపారు. తాము పెట్టుకున్న తేదీ వచ్చేవరకో, అనుకున్న మొత్తం చేరేవరకో ఆ డబ్బును తామే తీసుకోలేరు. దానికి అదనపు వడ్డీ లేదు. అయినా అవకాశం ఇచ్చినవారిలో 28 శాతం మంది తమ చేతులను తామే కట్టుకోవడానికి ఒప్పుకున్నారు. ఏడాది గడిచేసరికి, అవకాశం పొందిన బృందం పొదుపు పెరుగుదల మిగతావారి కంటే 81 శాతం పాయింట్లు ఎక్కువగా ఉంది. తమ బలహీనత తమకు తెలుసని, దానికి తాళం దొరికితే వేసుకుంటామని ఆ మనుషులు చెప్పినట్టు నాకు అనిపిస్తుంది.

జీతం పెరిగే అవకాశం ఉన్నవారికి థేలర్, ష్లోమో బెనార్ట్‌జీ చేసిన ఏర్పాటు ఉంది. ఇప్పుడు ఏమీ కోత పెట్టరు, జీతం పెరిగిన ప్రతిసారీ ఆ పెరుగుదలలో కొంత పొదుపులోకి వెళ్లేలా ముందే సంతకం చేయిస్తారు. చేతికి వచ్చే మొత్తం తగ్గదు కనుక నష్టమనిపించదు. పని వచ్చే ఏడాదిది కనుక ఈ రోజు కష్టమనిపించదు. ఒకసారి చేరాక బద్ధకమే మనిషిని అందులో ఉంచుతుంది. 2004లో వారు ప్రచురించిన ఫలితాల ప్రకారం, చేరినవారి పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. పద్దుపుస్తకం గారిని చందా రద్దు చేయనివ్వని బద్ధకమూ, ఈ ఉద్యోగులను పొదుపులో నిలిపి ఉంచిన బద్ధకమూ ఒకటే.

#13 | పద్దుపుస్తకం

మూడు వారాల తరువాత రాస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు.

చందా రద్దు చేశాను. ఆ పేజీ చివర ‘మీరు కోల్పోయేవి’ అని ఒక పట్టిక వచ్చింది. గతంలో రెండుసార్లు నన్ను వెనక్కి పంపింది అదేనని ఈసారి గుర్తుపట్టాను. ఐదు నెలలుగా తెరవని దాన్ని కోల్పోవడం ఏమిటన్న ప్రశ్నను ముందే ఒక చీటీ మీద రాసి ఫోను పక్కన పెట్టుకున్నాను, అది పనిచేసింది. వ్యాయామశాలలో నెలవారీ ఒప్పందం వదిలి పది రాకల పాసు తీసుకున్నాను. మూడు వారాల్లో నాలుగు సార్లు వెళ్లాను. ప్రతిసారీ ఒక గడి కొట్టేయడం చూస్తున్నాను. జీతం వచ్చిన మరునాడే కొంత మొత్తం వేరే ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో ఆదేశం ఇచ్చాను. ఒంటిజీతం గారు రాసినది చదివాక, నాకు ఆ వెసులుబాటు ఉండటమే ఒక భాగ్యమని కూడా అనుకున్నాను.

మిగిలింది కోటు. తెలిసిన ఒకరు కొంటామన్నారు. నేను చెప్పిన ధరకూ వారు ఇస్తామన్న ధరకూ రెండింతల తేడా ఉంది. వారు అన్యాయంగా అడుగుతున్నారని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆ భావన మీదే నాకు ఇప్పుడు అనుమానం.

#14 | గణకుడు

ఆ అనుమానం సరైనదే. కానెమన్, జాక్ నెచ్, థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగంలో 44 మంది విద్యార్థులలో సగం మందికి, అంటే 22 మందికి, కాఫీ కప్పులు ఇచ్చి, మిగతా వారితో క్రయవిక్రయాలు జరపమన్నారు. కప్పులను పంచింది ఇష్టాయిష్టాలు చూడకుండా కనుక, సుమారు 11 కప్పులు చేతులు మారాలి. నాలుగు విడతలలో మారినవి ఒకటి నుంచి నాలుగు మాత్రమే. అమ్మేవారు అడిగిన ధర కొనేవారు ఇస్తామన్న దానికి రెట్టింపుకు దగ్గరగా ఉంది. కప్పు వారి చేతికి వచ్చి కొద్ది నిమిషాలే అయింది. మీ కోటు ఎనిమిది నెలలుగా మీ అలమరలో ఉంది. ఒకే ప్రశ్న వేసుకోండి: కోటు మీ దగ్గర లేకుండా, వారు ఇస్తామన్న డబ్బు మీ చేతిలో ఉంటే, ఆ డబ్బుతో ఈ రోజు అదే కోటు కొంటారా?

#15 | పద్దుపుస్తకం

కొనను. నిన్న సాయంత్రం వారు చెప్పిన ధరకే ఇచ్చేశాను. ధర చీటీని వారి ముందే కత్తిరించి, ఎర్ర గీత కనబడకుండా మడిచి పారేశాను.

రాత్రి పుస్తకం తెరిచినప్పుడు ఇంకొకటి గమనించాను. వచ్చిన డబ్బును నా చెయ్యి ‘అదనపు రాబడి, ఇష్టమైన ఖర్చుకు’ అన్న పద్దు కింద రాసింది. ఎనిమిది నెలల క్రితం ఆ డబ్బు జీతంలోంచి పోయినదే. ఆ పద్దును కొట్టేసి, జీతం వరుసలోనే రాసుకున్నాను.